సర్ హంఫ్రీ గారి చెడ్డ తాతలు

మా మెల్‌థార్ప్‌లో ఎవరు ఏ తప్పు చేసి పట్టుబడినా, అంతకన్నా పెద్ద తప్పు చేసిన తాత ఒకడు సర్ హంఫ్రీ డకెట్ గారికి ఉండేవాడు.

మా తాతలు నేతులు తాగారు, మూతులు వాసన చూడండి అనేవాళ్ళు లోకంలో కొల్లలు. ఆ నెయ్యి పక్కింట్లో కాజేసిందని కూడా చెప్పేవారు మాత్రం మా బారొనెట్ గారొక్కరే.

బారొనెట్ అంటే తండ్రి పోగానే కొడుక్కి దిగే బిరుదు. పేరుకు ముందు 'సర్' వస్తుంది, నెత్తిమీదికి కారే పైకప్పు వస్తుంది. సర్ హంఫ్రీ ఏడోవారు. ముందటి ఆరుగురికీ చర్చి గోడమీద పాలరాతి పలకలున్నాయి. వాటిమీద లాటిన్‌లో చెక్కిన సుగుణాలు చదివితే, స్వర్గంలో డకెట్లకు తప్ప ఇంకెవరికీ చోటు మిగిలి ఉండదనిపిస్తుంది. వాటిని నమ్మవద్దని సర్ హంఫ్రీ మమ్మల్ని హెచ్చరించేవారు. లాటిన్‌లో అబద్ధమాడితే ముఖం ఎర్రబడదట.

రొట్టెల విక్స్ పిండిలో సుద్ద కలుపుతూ దొరికిపోయాడు. ఊరంతా దుకాణం ముందు చేరి, కిటికీ అద్దాలు పగలగొట్టే శుభకార్యం ఎవరు మొదలుపెట్టాలా అని ఆలోచిస్తోంది. సర్ హంఫ్రీ గుంపును తప్పించుకుంటూ వచ్చి, తమ వంశంలో రెండో బారొనెట్ సర్ బార్నబీ సైన్యానికి అట్టబూట్లు అమ్మాడనీ, వానపడిన రోజున పటాలం పటాలమంతా వట్టికాళ్ళతో పోయి ఓడిపోయి వచ్చిందనీ సెలవిచ్చి, రెండు రొట్టెలు కొనుక్కుని వెళ్ళిపోయారు. అట్టబూట్ల ముందు సుద్దపిండి ఏపాటి? జనం నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు.

పనిపిల్ల ఎలెన్‌కు పెళ్ళికి ముందే నెల తప్పినప్పుడు, పాదిరి లోవెల్ గారు ఆదివారం నాడు ఆ సంగతి మీదే ప్రసంగించడానికి నడుం బిగించారు. ముందు వరసలోంచి సర్ హంఫ్రీ లేచారు.

"మా ముత్తవ్వకి ఇద్దరు పుట్టాకగానీ పెళ్ళవలేదండీ. ఆ ఇద్దరిలో రెండోవాడి సంతానమే నేను."

"అలాగైతే న్యాయంగా మీరు బారొనెట్టే కారు," అన్నారు పాదిరిగారు.

"నేను చెప్పేదీ అదేనండీ. కానివ్వండి, తిట్లు నాతోనే మొదలుపెట్టండి."

ఆ ఆదివారం ప్రసంగంలో మేము బైబిల్లోని నోవహు ఓడ గురించి విన్నాం.

తర్వాత పాదిరిగారు వేళ్ళు మడిచి చూసుకుంటే, ఆరుగురు మనుషులు ఆరు జీవితకాలాల్లో చేయగల పాపాలకన్నా సర్ హంఫ్రీ చెప్పినవి చాలా ఎక్కువ తేలాయి. ఇదెలా కుదిరిందని అడిగారట. "మావాళ్ళు కష్టజీవులండీ," అన్నారట సర్ హంఫ్రీ.

ఇంతలో యుద్ధం వచ్చింది. ఎనిమిదో సర్ కావలసిన ఒక్కగానొక్క కొడుకు రాల్ఫ్, ఫ్రాన్సులో శత్రువుల కందకం మీదికి దూకి చనిపోయాడు. పతకం ఇంటికి వచ్చింది. దాన్ని ఆయన ఎవరికీ చూపించలేదు. ఏడు తరాల బిరుదు ఆయనతోనే ఆఖరవుతుందని ఊరికి తెలుసు, ఆయనకూ తెలుసు. దాని గురించి మాత్రం ఏ తాత కథా పుట్టలేదు.

అదే ఏడాది, ఇళ్ళలో బట్టలు ఉతికే మార్తా డాబ్స్ కొడుకు సిలస్ కూడా పోయాడు. గుళ్ళ వర్షంలో బుర్ర పనిచేయక దళం విడిచి వెనక్కి నడిచాడు. పారిపోయాడని మా సైన్యమే తెల్లవారుజామున కాల్చేసింది. ఆ కబురు వచ్చాక ఊళ్ళో ఎవరూ అతని పేరు ఎత్తలేదు. మార్తా కూడా ఎత్తలేదు.

యుద్ధం ముగిశాక, పోయినవారి పేర్లు చెక్కించే స్మారకశిల కోసం కమిటీ కూర్చుంది. ఊరి దొర కాబట్టి సర్ హంఫ్రీనీ, బడిపంతుల్ని కాబట్టి నన్నూ అందులో వేశారు. మార్తా వచ్చి, సిలస్ పేరు కూడా రాతిమీద ఉండాలని అడిగి, తలుపు దగ్గరి బల్లమీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఊరిని జన్మలో అడిగింది అదొక్కటే.

అధ్యక్షుడు కల్నల్ స్ట్రిక్లండ్ మర్యాదస్థుడు. అందుకే నేల చూపులు చూస్తూ మాట్లాడారు.

"ఇంగ్లీషు అక్షరక్రమంలో డాబ్స్ తర్వాతే డకెట్ వస్తుంది. ఆ పేరు సరిగ్గా మీ అబ్బాయి నెత్తిమీద కూర్చుంటుంది, సర్ హంఫ్రీ. మీకెలా ఉంటుందో ఆలోచించండి."

అందరం ఆయనవైపు తిరిగాం. యుద్ధంలోంచి పారిపోయిన తాత ఒకడు ఈపాటికి తయారై ఉంటాడని మా ధైర్యం. సర్ హంఫ్రీ కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ తుడిచారు. తాత రాలేదు.

"మావాడూ పారిపోయాడండీ," అన్నారు చివరికి.

"రాల్ఫ్‌కి పతకం ఇచ్చారు కదా," అన్నారు కల్నల్.

"పొరపాటున ఇచ్చారు. వాడికి చిన్నప్పటినుంచీ దిక్కులు తెలియవు, వాళ్ళమ్మ పోలిక. బెదిరిపోయి పరిగెత్తబోయి, శత్రువుల వైపు పరిగెత్తాడు. సిలస్‌కి దిక్కులు తెలుసు. ఇల్లు ఎటుందో అటు నడిచాడు." కళ్ళజోడు పెట్టుకున్నారు. "తీసేస్తే ఇద్దరినీ తీసెయ్యండి. లేదంటే ఇద్దరినీ ఉంచండి."

అన్నాళ్ళూ ఆయనది పిచ్చి అనుకున్నాం, గొప్పలు చెప్పుకోవడం చేతకాని గొప్ప అనుకున్నాం. తలవంచుకున్న ప్రతివాడి పక్కనా నిలబడడానికి ఆయన ఒక్కొక్క పూర్వీకుణ్ణి పంపుతూ వచ్చారని అప్పుడు గానీ తట్టలేదు. ఈసారి పంపడానికి తాతలు చాలలేదు.

మార్తా లేచి నిలబడింది.

"అబద్ధం, దొరగారూ. మీవాడు పరిగెత్తడం ఈ ఊళ్ళో ఎవరైనా చూశారా? క్రికెట్‌లో మా సిలస్ అవతలనుంచి పరుగుకు రమ్మని కేకేస్తే, బ్యాటు మీద ఆనుకుని 'నువ్వే వచ్చి వెళ్ళు, నేనిక్కడ బాగానే ఉన్నా' అనేవాడు."

ముందు నవ్వింది కల్నల్ గారే. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఇద్దరి పేర్లకీ చెయ్యెత్తిందీ ఆయనే.

చినుకులు పడుతుంటే సర్ హంఫ్రీ తన గొడుగు మార్తా మీద పట్టి నడిచారు. వెనక నేను. నోరు తెరవగానే ఆమె ఇక ఆపలేదు. సిలస్ చేపలు పట్టడం, సిలస్ ఈల వేయడం, సిలస్ జ్వరం.

"మహా అబద్ధాలకోరు మావాడు, దొరగారూ. వికెట్లు మూడూ ఎగిరిపోయినా గాలికి పడ్డాయనేవాడు."

అలవాటు కొద్దీ సర్ హంఫ్రీ నోరు తెరిచారు. ఏ తాతో నాలుక చివరిదాకా వచ్చే ఉంటాడు. ఆయన మింగేశారు.

"ఆ తర్వాత?" అన్నారు.