అర్లీటా చేసిన తూటాలు

అమెరికాలో ఐడహో కొండల్లో, సాల్మన్ నది పక్కనున్న ఆ ఊళ్ళో పిస్తోలు పోటీలంటే వర్లిన్ స్టాడర్డ్ పేరే చెప్పేవాళ్ళు. ఇంట్లో చేసుకున్న అతని తూటా అంగట్లో దొరికేదానికన్నా నమ్మకమైనదని పేరు. పిస్తోలు క్లబ్బులో వాళ్ళు అడిగి మరీ పట్టుకెళ్ళేవారు. "ఏం కలుపుతావురా అందులో?" అంటే వర్లిన్ మీసాల చాటున నవ్వి, "అంతా హస్తవాసి" అనేవాడు.

ఆ హస్తవాసి అతని భార్య అర్లీటాది. తూటాలు తయారుచేసే ప్రెస్సు కొన్నది అతనే గాని, వారం తిరక్కుండానే విసుగెత్తి వదిలేశాడు. రంపపు మిల్లులో పని పోయాక ఆమె దాని ముందు కూర్చుంది. గ్యారేజీలో బల్లకు బిగించిన ఆ యంత్రంలో ఇత్తడి తొడుగులు పళ్ళెం చుట్టూ నిలబడి ఉంటాయి. హ్యాండిల్ లాగినప్పుడల్లా పళ్ళెం తిరిగి ఒక తొడుగులో తుపాకిమందు పడుతుంది, ఇంకొకదాని మీద గుండు కూర్చుంటుంది, తయారైన తూటా తొట్టిలోకి జారుతుంది. వేగమే దాని గుణం, వేగమే దాని గండం. అందుకే అర్లీటా అక్కడ రేడియో పెట్టనిచ్చేది కాదు. ప్రతి తొడుగులోకీ తొంగిచూసి, మందు కనబడితేనే గుండు పెట్టేది.

"నేను చేస్తున్నానని ఎప్పుడైనా చెప్పొచ్చుగా" అంది ఒకసారి.

"చెబితే ఎవడు కాలుస్తాడే వాటిని?" అని నవ్వేశాడు వర్లిన్.

మంచు కరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, పని సగంలో ఉండగా ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. అర్లీటా మాట్లాడి వచ్చేసరికి వర్లిన్ ప్రెస్సు దగ్గర ఉన్నాడు.

"ముట్టుకున్నావా?"

"ఎక్కడో పట్టేసింది. అటూ ఇటూ ఆడించి వదిలించాను."

"పళ్ళెంలోవి తీసి, మందు పడిందో లేదో చూశావా మరి?"

"చూశాన్లేవే! నేనేమన్నా పసివాణ్ణా?"

ఆమె నమ్మింది.

తర్వాతి పోటీలో ఆ తూటాలు రాయిస్ టిబెట్స్ చేతికి వెళ్ళాయి. రాయిస్ గుర్రపు జీనులు కుట్టేవాడు. కాలుస్తుండగా ఒకటి తుస్సుమంది. మందు లేని తూటా అది, గుండు గొట్టంలోనే ఇరుక్కుపోయింది. పోటీ తొందరలో రాయిస్ ఆగకుండా మళ్ళీ నొక్కాడు. ఇరుక్కున్న గుండు అడ్డుపడి పిస్తోలు చేతిలోనే పేలిపోయింది. కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.

చేతికి కట్టు కట్టి రాయిస్‌ను ఆసుపత్రికి తీసుకెళ్ళాక అందరూ వర్లిన్ వైపు తిరిగారు.

"నన్ను చూస్తారేం? అవి నేను చేసినవి కావు. అర్లీటా చేసింది" అన్నాడు వర్లిన్.

ఇన్నేళ్ళలో ఆ పోటీల మైదానంలో అతను ఆమె పేరెత్తడం అదే మొదలు. బల్ల దగ్గర కాఫీ పోస్తున్న అర్లీటా చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది.

ఇంటికొస్తూ బండిలో అడిగింది, "నిజం చెప్పు. ఆ రోజు తీసి చూశావా?"

వర్లిన్ రోడ్డు వైపే చూస్తూ అన్నాడు, "రెండుసార్లు లాగాను, అంతే. తొడుగుల్లోకి చూడలేదు. ఇప్పుడది చెబితే రేపు నా మొహం ఎవడు చూస్తాడు? నీకైతే వాళ్ళతో పనేముంది?"

మర్నాడు ఆమె మాంసం, బంగాళాదుంపలు వేసి వండిన గిన్నె పట్టుకుని రాయిస్ ఇంటికి వెళ్ళింది. అతని భార్య నోరీన్ గిన్నె అందుకోలేదు, దారీ ఇవ్వలేదు. గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పింది అర్లీటా.

లోపల్నుంచి రాయిస్ గొంతు వినిపించింది. "ఎవరు లాగితే ఏంటమ్మా, నా వేళ్ళొస్తాయా? చెప్పేదేదో క్లబ్బులో చెప్పు."

వెళ్ళి చెప్పింది. ఎవరూ తల ఎత్తలేదు. వెనకనుంచి ఒకడు, "దొరికిపోయేసరికి మొగుడి మీదికి నెడుతోందిరా" అన్నాడు. పెద్దాయన ఒకడు మెల్లగా, "ఇంటి గొడవలు ఇంట్లో చూసుకో తల్లీ" అన్నాడు. ఆ పెద్దాయన పక్కనే కూర్చున్న వర్లిన్ టోపీ సర్దుకున్నాడు.

రాయిస్ ఎడమచేత్తో కుట్టాలని చూశాడు. కుదరక చలికాలానికల్లా పనిముట్లు అమ్మేశాడు. చర్చిలో అర్లీటా పక్క ఎవరూ కూర్చోవడం లేదు. ఆమె ప్రెస్సు ముట్టుకోవడం మానేసింది. వర్లిన్ మాత్రం మునుపటిలాగే పోటీలకు వెళుతున్నాడు. వేసవి దగ్గరపడ్డాక ఒకరోజు భోజనం దగ్గర, "తూటాలు మళ్ళీ ఎప్పుడు మొదలెడతావ్?" అని అడిగాడు.

అర్లీటా కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, నిలబడే తినేసింది.