పేరు మీద చుక్క

నాకు కంప్యూటర్ వచ్చన్న సంగతి బాన్సువాడ మొత్తానికి తెలియాలని ఆ రోజుల్లో నాకు మహా కోరికగా ఉండేది. బస్టాండు దగ్గర మేడ మీద ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు నెలలు నేర్చుకున్నాను. కాలువ కింద కోస్తా రైతులు స్థిరపడ్డ క్యాంపుల్లో నాట్లు వేసే మా అమ్మ, నేను కీబోర్డు మీద టకటకలాడిస్తుంటే ఒకసారి వచ్చి చూసి, చేతులు చీరకు తుడుచుకుని, ముట్టుకోకుండానే వెళ్లిపోయింది. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది, ట్రాక్టర్ల షోరూంలో ఉద్యోగం దొరికింది. ఇక నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

షోరూం యజమానిది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. అందరం సారు అనేవాళ్లం. ఆయన హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. ట్రాక్టర్ కొన్నవాళ్లు, కొంటామన్నవాళ్లు, ఊరికే ధర అడిగి పోయినవాళ్లు, అందరి పేర్లూ ఊర్లూ ఫోన్ నంబర్లూ అందులో ఎక్కించాలి. ఒక్కో పేరు పక్కన ఎన్ని ట్యాగులైనా తగిలించుకోవచ్చు. ట్యాగ్ అంటే ఏమిటని సారు అడిగాడు.

"వంటింట్ల డబ్బాల మీద పప్పు, చక్కెర అని చీటీలు అంటిస్తం కద సార్, అట్ల. కాకపోతే ఒక్క డబ్బాకు పది చీటీలు అంటించొచ్చు" అన్నాను.

"పప్పూ పంచదారా ఒకే డబ్బాలో ఎట్టా ఉంటాయమ్మా?" అని ఆయన పడీ పడీ నవ్వాడు.

ఆ పేర్లన్నీ అప్పటిదాకా ఉన్నది మా షోరూం గుమాస్తా రిజిస్టర్లలో. మా అందరికీ ఆయన కాక, అంటే చిన్నాన్న. నాకు చుట్టమేమీ కాదు, వయసుకు మర్యాదగా అలా పిలిచేదాన్ని. తొంభైల మొదట్లో షోరూం తెరిచిన రోజు నుంచీ ఆయన ఉన్నాడు. ఊరికొక బైండు పుస్తకం పెట్టాడు. బీర్కూర్ పుస్తకంలో ఒకే పేరున్నవాళ్లు పదకొండు మంది తేలారు. వాళ్లను గుర్తుపట్టడానికి "రెండు బావులాయన", "కొత్త రేకులాయన", "నవ్వేటాయన" అని పక్కన రాసుకున్నాడు. నవ్వేటాయన నవ్వడం మానేస్తే ఎలాగని వెక్కిరించాను. "మానేస్తే నాకు తెలుస్తది బిడ్డా" అన్నాడు తల ఎత్తకుండా.

పుస్తకం నిండా ఆయన గుర్తులే. పేరు కింద ఎర్రగీత ఉంటే చెరుకు వేసేవాడు. త్రికోణం ఉంటే బురద పొలంలో దున్నే ఇనుప చక్రాలు కావాలన్నవాడు. "మ" అని ఉంటే మహారాష్ట్ర సరిహద్దున జుక్కల్ వైపు మనిషి, మరాఠీలో నాలుగు మాటలు కలిపితేనే కూర్చుని టీ తాగుతాడు. ఒక్కో గుర్తుకూ ఒక్కో ట్యాగ్ పెట్టుకుంటూ పోయాను. పదేళ్లుగా కాక తలలో ఉన్న ప్రపంచం నా వేళ్ల కింద వరసగా అమరుతుంటే నాకు భలే గర్వంగా ఉండేది.

చివరికి ఒక చుక్క మిగిలింది. కొన్ని పేర్ల పైన నీలం సిరాతో ఆవగింజంత చుక్క.

"ఇదేంది కాకా?"

"చుక్కున్నోళ్లకు నువ్వు ఫోన్ చెయ్యకు. నాకు చెప్పు, నేను చేస్త."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పాలె? నేను చేస్త అంటున్న గద."

నాకు ఒళ్లు మండింది. మిషన్ వచ్చి తన కుర్చీ లాగేస్తుందని ముసలాయనకు భయం, అందుకే ఒక తాళంచెవి జేబులో దాచుకుంటున్నాడు అనుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో చుక్కకు చోటు లేదని నాకు నేనే సర్దిచెప్పుకుని వదిలేశాను. చోటు లేకేం? "చుక్క" అని ఒక ట్యాగ్ పెట్టడానికి పట్టేది నాలుగు క్షణాలు. నా పౌరుషం పెట్టనివ్వలేదు.

యాసంగి కోతలు అయిపోయిన ఎండాకాలంలో బిచ్కుంద నుంచి ఒకాయన వచ్చాడు. చిన్న పాత ట్రాక్టర్ కావాలన్నాడు, తనకు దగ్గరగా బీర్కూర్ వైపుదైతే మేలన్నాడు, అదీ త్వరగా కావాలన్నాడు. కాక ఆ రోజు జుక్కల్ వెళ్లాడు. సారు నా వైపు చూశాడు. "పాతది అమ్మేవాళ్లు", "బీర్కూర్ వైపు", "ముప్పై అయిదు హార్స్‌పవర్" అని మూడు ట్యాగులు నొక్కాను. తెర మీద ఒక్కటే పేరు నిలబడింది.

"అబ్బో, కాకయితే ఈపాటికి కళ్లజోడు వెతుక్కుంటా ఉండేవాడు" అన్నాడు సారు. నేను మురిసిపోయాను.

నంబరు పక్కన పి.పి. అని ఉంది. పల్లెల్లో ఇంటింటికీ ఫోన్ లేని కాలం. పక్కింటి నంబరిచ్చి, అది తమది కాదని తెలియడానికి పి.పి. అని రాయించేవారు. ఫోన్ చేశాను. ఎత్తిన పక్కింటామె "ఆయన పొలానికి పోయిండు. వాళ్ల నాయిన ఈడనే అరుగు మీద కూసున్నడు, ఇస్తున్న" అంది. ఇంట్లో మనిషే దొరికాడని సంబరపడ్డాను.

"మీ కొడుకు అమ్ముతనన్న ట్రాక్టర్‌కు మనిషి దొరికిండు తాతా. రేపు తెచ్చి చూపించమను."

అటు నుంచి ఆయాసపడుతున్న ఊపిరి వినిపించింది.

"ఏ ట్రాక్టరు బిడ్డా?"

"మీ ఇంట్లున్నదే తాతా."

"మంచిది" అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున షోరూం తెరిచేసరికి ఆ తాత మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బీర్కూర్ నుంచి మొదటి బస్సుకు వచ్చాడట. ఉన్నవి మూడే మెట్లు, రెండో దాని దగ్గర ఆగిపోయి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాను.

"నిన్న ఫోన్ చేసిన బిడ్డవు నువ్వేనా?"

"నేనే తాతా" అన్నాను. సిగ్గు లేకుండా నవ్వుతూనే అన్నాను.

అంతలో కాక వచ్చాడు. తాతను చూడగానే గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఒకసారి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉన్నా నేను తట్టుకునేదాన్ని.

"నువ్వు చెప్పు" అన్నాడు తాత ఆయనతో. "ఈడికెల్లి మొదటిసారి బండి నడిపిచ్చుకుంట పోయిన నాడు నువ్వు ముంగట సైకిల్ మీద వచ్చినవ్. మా వాడు దాన్ని ఎందుకు అమ్ముతుండు?"

కాక ఒక చిన్న అబద్ధం ఆడితే సరిపోయేది. ఎక్స్‌ఛేంజ్ అనో, కొత్త మోడల్ అనో అనొచ్చు. పదేళ్లుగా ఆ మనిషితో ఆడని అబద్ధం ఆ పూట ఆయన నోటికి రాలేదనుకుంటాను.

"నా గుండె ఆపరేషన్ కోసమేనా?"

కాక తల వంచుకున్నాడు.

తాత గ్లాసులో మిగిలిన నీళ్లు తాగి గ్లాసు నాకిచ్చాడు. "సర్కారే చేస్తది, పైస ఖర్చు లేదన్నడు నాతోని" అన్నాడు. "దాన్ని అమ్మి నన్ను బతికిస్తే, ఇగ వాడు దేంతోని బతుకుతడు? నేను హైదరాబాద్ పోను. వానికి చెప్పుండ్రి" అన్నాడు. గొంతు పెంచలేదు. పంచాయితీలో తన మాట చెప్పి లేచినట్టు లేచాడు.

కొడుకు ఎవరి మోటారుసైకిలో అడిగి తీసుకుని తండ్రిని వెతుక్కుంటూ వచ్చాడు. ముప్పై దాటి ఉండవు. తండ్రి ముఖం చూడగానే అర్థమైంది అతనికి. తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని, ఆయన చేతులు రెండూ తన నడుము చుట్టూ వేసుకుని వెళ్లిపోయాడు.

వాళ్లు కనుమరుగయ్యాక నేను కాక మీదికే ఎగిరాను. తప్పు చేసినప్పుడు నాకు ముందు వచ్చేది కోపమే, ఏడుపు ఆ తర్వాత.

"ఆ పేరు మీది చుక్కంటే ఇదని ముందే చెప్తే అయిపోతుండె కద కాకా!"

"చెప్తే నువ్వు అండ్ల రాస్తవు బిడ్డా" అన్నాడు కంప్యూటర్ వైపు చూపిస్తూ. "రాస్తే అందరు చూస్తరు."

నిజంగానే ఆ తెర ముందు ఎవరు పడితే వాళ్లు నిలబడేవారు. సేల్స్ కుర్రాళ్లు, సారు, సారు బావమరిది, ఒక్కోసారి టీ తాగడానికి ఆగిన కస్టమర్లూ. ట్యాగులన్నీ మనుషులను సులువుగా దొరకబుచ్చుకోవడానికే పెట్టుకున్నాం. మనిషి ఏ విషయంలో దొరక్కూడదనుకుంటాడో అడగాలని నాకు తోచలేదు. కాకకు అడగకుండానే చెప్పేవారు, ఆయన ఒక చుక్క పెట్టుకుని నోరు మూసుకునేవాడు.

తర్వాతి నెలల్లో కొన్ని చుక్కల సంగతి తనే చెప్పాడు, పేర్లు చెప్పకుండా. ఒకాయనకు అన్నతో మాటల్లేవు, ఫోనేమో అన్న ఇంట్లో ఉంది. ఒకామె భర్త ఇల్లు వదిలి పోయి ఏళ్లయింది, "ఆయనున్నడా అమ్మా, పొలానికి పోయిండా" అంటూ, ఆయన ఇంట్లోనే ఉన్నట్టు మాట మొదలుపెట్టాలి. నేను మళ్లీ పుస్తకాలన్నీ తిరగేసి, చుక్కలున్న ప్రతి పేరుకూ "కాకను అడగాలి" అని ట్యాగ్ పెట్టాను. అది చూసి సారు, "ఇదేం ట్యాగమ్మా, మళ్లీ మొదటికే తెచ్చావు" అన్నాడు. "అంతే సార్" అన్నాను.

తాత హైదరాబాద్ వెళ్లలేదు. కొడుకు బతిమాలాడట, చుట్టాలతో చెప్పించాడట, తిండి మానేశాడట. తాత వినలేదు. వానాకాలం నార్లు పోయకముందే ఆయన పోయాడని బీర్కూర్ బస్సు కండక్టర్ చెప్పాడు. నేను ఫోన్ చేయకపోతే ఆయన బతికేవాడా? ఆపరేషన్ తర్వాత ఎలా ఉండేదో డాక్టర్లకే తెలియదు కదా అని కాక నన్ను చాలాసార్లు ఓదార్చాడు. ఆ ఓదార్పు నేను పూర్తిగా తీసుకోలేకపోయాను, ఇప్పటికీ తీసుకోలేదు.

మరుసటి ఏడాది ఆ కొడుకు అదే ట్రాక్టర్ నడుపుకుంటూ ఇనుప చక్రాల కోసం వచ్చాడు. కాక లోపల స్టాకు చూస్తున్నాడు. లేచి పారిపోదామనుకున్నాను. అంతలోనే అతను నా టేబుల్ ముందుకు వచ్చి చొక్కా జేబులోంచి కొత్త సెల్‌ఫోన్ తీశాడు.

"పాత నంబర్ తీసెయ్యక్కా, ఇది రాసుకో."

తెర మీద అతని పేరు తెరిచాను. తప్పయిపోయిందని చెప్పాలి, ఏడాదిగా దాచుకున్న మాట. దానికి బదులు మరో మాట బయటికి వచ్చింది.

"ఇంట్ల ఎవరన్న ఎత్తితే ఏం చెప్పాలె అన్నా?"

"ఏదైనా చెప్పు" అన్నాడు. "ఇగ దాయాల్సినోళ్లు ఇంట్ల ఎవ్వరు లేరు."

కోపంతో అన్న మాట కాదది. ఆ తర్వాత అతను నంబరు చెప్పడం మొదలుపెట్టాడు. అయిదు అంకెల దగ్గర నాకు తెర కనిపించడం మానేసింది. మళ్లీ మొదటి నుంచి చెప్పమని అడగాల్సి వచ్చింది. అతను విసుక్కోకుండా ఒక్కొక్క అంకె ఆగి ఆగి చెప్పాడు.