తిన్నెల మీద పిల్లలు నిద్రపోయే వీధి

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషిని నేను. భయపడి కాదు, విసుగు పుట్టి. మా చింతాద్రిపేటలో సందుకొక మోహిని, నూతికొక ముని దయ్యం ఉన్నాయని చెప్పేవాళ్ళు. నేను చిన్నప్పటినుంచీ ఆ నూతుల్లోనే నీళ్ళు తోడాను, ఆ సందుల్లోనే నడిచాను. నా కంట ఒక్కటీ పడలేదు. ఇప్పుడు కూడా నమ్ముతానని చెప్పను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

ఇది యాభైల్లో మాట. మా వాళ్ళు తరాల కిందటే మద్రాసు చేరిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా ఆయన హార్బరులో గుమాస్తా. ఇంట్లో ఆయన, నేను, మా అత్తగారు, మా సరోజ. సరోజకి అప్పుడు నాలుగేళ్ళు.

దాని తర్వాత పుట్టిన మగపిల్లవాడు అంతకుముందు వానాకాలంలో పోయాడు. కూవం ఏరు పొంగి నీళ్ళు మా వీధిలోకి వచ్చాయి. అవి తీసిన తర్వాత ఇంటింటా జ్వరాలు మొదలయ్యాయి. వాడు పోయిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. కళ్ళు మూసుకోగానే సరోజ ఊపిరి వినబడుతోందా లేదా అని అనుమానం వచ్చేది, మళ్ళీ తెరిచేదాన్ని. ఉన్న ఒక్క పిల్లనైనా దక్కించుకోవాలి, అందుకు మంచి పేట చూసుకుని ఇల్లు మారాలి. ఆ ఏడంతా మా ఇంట్లో ఇదే మాట.

పేట మంచిచెడ్డలు చెప్పడంలో మా అత్తగారిది అందె వేసిన చెయ్యి. చుట్టాల్లో ఎవరు ఇల్లు మారుతున్నా పెళ్ళిచూపులకి పెద్దవాళ్ళని తీసుకువెళ్ళినట్టు ఆవిడని తీసుకువెళ్ళేవాళ్ళు. మా ఆయనలాంటి వాళ్ళు నూతిలో నీళ్ళు ఉప్పగా ఉన్నాయా, స్టేషను దగ్గరా దూరమా అని చూస్తారు. ఆవిడ అవేవీ పట్టించుకునేవారు కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకి వెళ్ళి, వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచి, తిన్నెలు చూసేవారు. వీధి అరుగుని మేము తిన్నె అంటాం.

"పిలకాయని తిన్నె మింద పండబెట్టి తల్లి లోపలికి పోయి పని చూసుకుంటా ఉండాదంటే ఆ వీధి మంచిది. ఆ తల్లికి తెలిసినంత మనకి తెలస్తాదా?" అనేవారు.

నేను లోపల నవ్వుకునేదాన్ని గానీ, ఆవిడ సరే అన్న ఇంట్లో చేరి బాధపడిన చుట్టం ఒక్కరూ లేరు.

టి. నగర్‌లో ఒక మేడ వాటా చూశాం. గాలి, వెలుతురు, కుళాయి నీళ్ళు. నా మనసు అక్కడే ఉండిపోయింది. అత్తగారు గేటు దగ్గరే ఆగిపోయారు. "తిన్నె యాడ? అన్నీ గోడలే కదా! లోపల అరిస్తే ఎవురికి ఇనబడతాది?" అని వెనక్కి తిరిగారు. తొండియార్‌పేటలో తిన్నెలున్నాయి, వాటి మీద పిల్లలూ ఉన్నారు. ఒక పిల్లవాడి మీద వాలుతున్న ఈగల్ని పక్కింటావిడ కూర్చుని తోలుతోంది. అత్తగారికి ప్రాణం లేచివచ్చింది. కానీ అక్కడ బొగ్గు పొగ, మా సరోజకి ఆయాసం. ఈసారి నేను వద్దన్నాను. ఇద్దరం మొహాలు ముడుచుకుని ఇంటికి వచ్చాం.

అప్పుడు మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారు, పరంగిమల, అదే సెయింట్ థామస్ మౌంటు, దాటి కొత్తగా ఇళ్ళు లేస్తున్నాయని, గాలి మంచిదని. ఆయనకి సెలవు దొరకలేదు. అత్తగారు, నేను, సరోజ ఎగ్మూరులో కరెంటు బండి ఎక్కి వెళ్ళాం.

స్టేషనులో దిగితే తాటిచెట్ల మధ్య ఎర్రమట్టి దారి. ఇంకో దారి లేదు. నడివేసవి కత్తిరి ఎండలు ఇంకా రాలేదు గానీ, దారి దూరాన నీళ్ళలో ఉన్నట్టు కదులుతోంది. అత్తగారు గొడుగు వేసుకుని ముందు నడుస్తున్నారు. సరోజ కాసేపు నా చంకలో, కాసేపు నేల మీద. దారిలో ఎవరూ ఎదురుపడలేదు. అది నాకు వింతగా అనిపించలేదు. ఆ ఎండలో ఎవరు బయటికి వస్తారు?

వీధి మొదట్లో అడుగు పెట్టగానే చల్లబడింది. మబ్బు పట్టలేదు. గంగరావి చెట్లు ఉన్నాయి గానీ, ఒక వీధినంతా కప్పేంత పెద్దవి కావు. వెలుతురు గంజి రంగులో మెత్తగా ఉంది. రెండు వైపులా ఇళ్ళు, ఇంటింటికీ ఎర్ర సిమెంటు తిన్నె, ప్రతి తిన్నె మీదా నిద్రపోతున్న పిల్లలు.

నేను ఇంతవరకూ అంత అందమైన వీధి చూడలేదు. కొందరు చాప మీద, కొందరు వట్టి నేల మీద. ఒకడు చెంప కింద చెయ్యి పెట్టుకున్నాడు. ఒక పిల్ల నోరు తెరుచుకుని ఉంది, పాలపళ్ళు కనబడుతున్నాయి. ఒక పసివాడు బోర్లా పడుకుని కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకున్నాడు, మా వాడు అలాగే పడుకునేవాడు. ఎక్కడా ఈగ లేదు. కాకి కూడా అరవడం లేదు. మేము కూడా గుసగుసగా మాట్లాడుకున్నాం.

"చూసినావా, ఒక్క తిన్నె ఖాళీ లేదు. ఈడే మన ఇల్లు. ఇంక యాడికీ పోయే పన్లేదు" అన్నారు అత్తగారు. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. ఖాళీ ఇల్లు ఏది ఉందో అడిగి వస్తానని, నన్ను అక్కడే ఉండమని వీధి చివరికి వెళ్ళారు.

సరోజ నా చెయ్యి విడిపించుకుని దగ్గర్లో ఉన్న తిన్నె ఎక్కింది. పచ్చ గౌను వేసుకున్న ఒక పిల్ల అక్కడ నిద్రపోతోంది. సరోజ దాని పక్కన కూర్చుంది. పరాయి ఇంటి తిన్నె కదా అని మొహమాటపడుతూనే నేనూ కూర్చున్నాను. సిమెంటు చల్లగా, నున్నగా ఉంది. లోపల ఎక్కడో ఉయ్యాల గొలుసు కిర్రుమంటోంది. స్తంభానికి ఆనుకున్నాను. సరోజ చెయ్యి పట్టుకునే ఉన్నానని నాకు బాగా గుర్తు.

తర్వాత ఎప్పుడు ఒరిగానో తెలియదు. నెలల తరబడి రాని నిద్ర ఒక్కసారిగా వచ్చి పడింది. నిద్రలో కూడా నేను ఆ వీధిలోనే, ఆ తిన్నె మీదనే ఉన్నాను. ఎవరో నన్ను జోకొడుతున్నారు. పెద్ద చెయ్యి కాదు. చిన్న అరచేతులు, తడితడిగా, భుజం మీద, నడుము మీద, పాదాల మీద. పోయిన నా పిల్లవాడు గుర్తుకు వచ్చాడు గానీ ఏడుపు రాలేదు. వాడు పక్కగదిలో పడుకుని ఉన్నట్టూ, కాసేపాగి లేస్తాడన్నట్టూ అనిపించింది. మనసులో ఏ దిగులూ లేదు. ఇంటికి వెళ్ళాలని గానీ, మా ఆయన సాయంత్రం వచ్చేసరికి కాఫీ పెట్టాలని గానీ తోచలేదు. నిజం చెప్పాలి, అంత సుఖంగా నేను జన్మలో నిద్రపోలేదు. సరోజ కూడా గుర్తు రాలేదు.

జడ ఎవరో గట్టిగా లాగారు. ప్రాణం పోయినంత నొప్పి పుట్టి లేచి కూర్చున్నాను.

సరోజ నా జడ రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. తిన్నె మీద పచ్చ గౌను పిల్ల లేదు. ఎదురింటి తిన్నె మీద ఎవరూ లేరు. ఏ తిన్నె మీదా ఎవరూ లేరు. పొద్దు వాలుతోంది, మామూలు ఎండ వీధిలో పడింది. వీధి మధ్యలో మా అత్తగారు నిలబడి ఏడుస్తున్నారు. మనవడు పోయినప్పుడు కూడా మా ముందు ఏడవని మనిషి.

ఆవిడ నన్ను రెక్క పట్టుకుని లేవదీసి, పిల్లని చంకనేసుకుని, వెనక్కి చూడకుండా స్టేషనుదాకా నడిపించారు. బండి కదిలి సైదాపేట దాటింది. తర్వాత ఆవిడ చెప్పింది ఇది.

వీధి చివరి ఇంటి తలుపు తీసి ఉంది. పిలిస్తే ఎవరూ పలకలేదు. పక్కిల్లూ అంతే. లోపలికి తొంగి చూస్తే పొయ్యి లేదు, గిన్నె లేదు, ఆరేసిన చీర లేదు. గాబరాపడి నా దగ్గరికి వచ్చారు. నేను లేను.

"నిన్ను నిలబెట్టి పోయిన చోటు అదే. ఆ గంగరావి చెట్టు ఎదురుగానే కదా! ఆడుండే తిన్నె ముందరే అటూ ఇటూ తిరగతా రుక్మిణీ, రుక్మిణీ అని గొంతు పోయేదాకా అరిచినా. నువ్వూ లేవు, పాపా లేదు, ఆ పిలకాయలూ లేరు. అప్పుడు పాప గొంతు ఇనబడింది. చూస్తే మీ ఇద్దరూ ఆడే ఉండారు" అన్నారు.

నేను ఏ అరుపూ వినలేదు.

మా ఆయన నవ్వారు. ఎండదెబ్బ అన్నారు. తర్వాత సెలవు రోజున తనే వెళ్ళి చూసి వచ్చారు. అదే దారి, అదే వీధి, గంగరావి చెట్లు కూడా ఉన్నాయట. ఇళ్ళు కట్టి ఉన్నాయి గానీ ఇంకా ఎవరూ చేరలేదట. అయితే ఏ ఇంటికీ తిన్నె లేదు, అన్నిటికీ ముందు చిన్న గోడ, గేటు. "తిన్నెలు ఇప్పుడెవరు కట్టిస్తున్నారు? మీ ఇద్దరూ ఏ వీధి చూశారో" అన్నారు. నేను లోపలికి వెళ్ళి ఆ రోజు కట్టుకున్న చీర తెచ్చి చూపించాను. వెనక భాగమంతా ఎర్ర సిమెంటు రంగు అంటి ఉంది, ఉతికినా వదల్లేదు. ఆయన చీర అటూ ఇటూ తిప్పి చూసి, మడత పెట్టి ఇచ్చేశారు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తి నవ్వలేదు.

మేము తొండియార్‌పేటకే మారాం. పొగ ఉంటే ఉంది, ఆ ఈగలు తోలే పక్కింటావిడ మాకూ పక్కింటావిడ అయింది. సరోజ ఆయాసం ఎదిగేకొద్దీ తగ్గిపోయింది. చుట్టాలు ఇల్లు చూడడానికి రమ్మంటే అత్తగారు మళ్ళీ ఎప్పుడూ కదలలేదు. మరీ బలవంతం చేస్తే, "పిలకాయల్ని చూసి నమ్మబాకండి. పక్కన పెద్దోళ్ళు ఉండారో లేదో చూడండి" అని మాత్రం చెప్పేవారు. పోయేదాకా అదే మాట.

సరోజకి ఆ రోజు ఏమీ గుర్తుండదనుకున్నాను. నాలుగేళ్ళ పిల్ల. మేమూ దాని ముందు ఎత్తలేదు.

అది పెద్దదై, పెళ్ళయి, ఒక బిడ్డ తల్లయ్యాక ఇల్లు వెతుక్కుంటోంది. అప్పటికి పరంగిమల వైపంతా కాలనీలు లేచాయి. నీళ్ళు బాగుంటాయి, బడులున్నాయి, ఒకసారి చూడమని నేనే అన్నాను. చెప్పకూడని మాట చెప్పినట్టు నా మొహం చూసింది.

"ఆ పక్క వద్దమ్మా" అంది. ఎందుకని అడిగాను. ఒళ్ళో నిద్రపోతున్న బిడ్డ తల నిమురుతూ కూర్చుంది.

"నువ్వూ అవ్వా, ఆ తిన్నెల మింద పిలకాయలందరూ నిద్రపోతా ఉండారని అనుకున్నారు కదా! ఎవురూ నిద్రపోలేదమ్మా. నువ్వు పండుకోగానే అందరూ లేచి దగ్గరికి వచ్చినారు. చప్పుడు చేయకుండా నీ చుట్టూ కూసున్నారు. నిన్ను జోకొట్టినారు. మాకు అమ్మ లేదు, మీ అమ్మని ఈడే ఉంచేసి నువ్వు మీ అవ్వతో పో అన్నారు."

నువ్వేమన్నావే అని అడిగాను.

"నేను ఇయ్యనన్నా. వాళ్ళు నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అడగతానే ఉండారు. నాకు భయమేసి నీ జడ పట్టుకుని అరిచినా" అంది.

పిల్లని కాపాడుకోవడానికి మంచి వీధి వెతుక్కుంటూ వెళ్ళింది నేను. కాపాడింది నాలుగేళ్ళ పిల్ల. ఆ మాట దానితో అనబోయి అనలేకపోయాను, ఏడుపు వచ్చేసింది. వాళ్ళెవరు, తల్లులేమయ్యారు, లేని తిన్నెల రంగు నా చీరకి ఎలా అంటింది, ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

ఇంకొక్క మాట సరోజని అడగాలని ఉంది. ఆ చుట్టూ కూర్చున్నవాళ్ళలో మీ తమ్ముడు ఉన్నాడా అని. లేడంటే ఊరట, ఉన్నాడంటే నేను వాణ్ణి అక్కడ వదిలి లేచి వచ్చేసినట్టు. అది మా ఇంటికి వస్తూనే ఉంటుంది, అడగడానికి ఎన్నిసార్లో నోరు తెరిచాను. ఇంతవరకూ అడగలేదు.