బస్సంతా విన్న నవల

నా నవలను ప్రచురణకర్త నెల చందా కట్టి చదువుకునే యాప్‌లో పెట్టాడు. పాఠకుడు తిప్పిన పేజీలను బట్టే మాకు డబ్బు.

నేను పనిచేసే హోసూరు కంపెనీ బస్సులో, ఒంగోలు నుంచి వచ్చిన మెషిన్ ఆపరేటర్ ఒకడు దాన్ని ఫోన్‌లో చూస్తూ పైకి చదివేవాడు. తక్కినవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడినా బడిలో తమిళం చదివినవాళ్ళు, తెలుగు చదవడం రాదు. బస్సంతా చెవులప్పగించి వినేది.

“ఆయమ్మ ఇల్లిడిచి పోయేది మల్లా ఒగసారి చదవప్పా,” అందొక సూళగిరి ఆమె. చదివాడు.

యాప్‌కు మాత్రం పాఠకుడు ఒక్కడే. రెండోసారి చదివిన పేజీకి పైసా రాదు.

ఒళ్ళు మండి ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. “వినేవాళ్ళు పాఠకుల కిందికి రారు సార్. యాప్‌వాళ్ళు మాకూ అంతే ఇస్తారు,” అన్నాడు.

మరి ఆ కథ వింటూ సూళగిరిలో దిగడం మరిచి కృష్ణగిరి దాకా వచ్చేసిన ఆమె ఎవరయ్యా?