ఐదింటికి పాపను అందుకోవాలి

మనవరాలిని చూసుకునే ఆయమ్మతో నేను కాగితం రాసుకున్నానని తెలిసి మట్టెవాడలో మా గల్లీ అంతా నవ్వింది. "ఆయమ్మకు అగ్రిమెంటా వదినా? రిజిస్ట్రేషన్ గూడ చేయించరాదు!" అంది ఎదురింటావిడ. నవ్వితే నవ్వనీ. అంతకుముందు వచ్చిన ఇద్దరు ఆయమ్మలు చెప్పాపెట్టకుండా మానేశారు. ఫోన్ చేస్తే స్విచాఫ్. మా అమ్మాయికి ప్రసూతి సెలవు అయిపోయింది, నాకేమో బడిలో పాఠాలు.

ఈమె నెక్కొండ నుంచి రోజూ రైల్లో వస్తుంది. మొదటి రోజే కాగితం చేతికిచ్చాను. పాపను ఎత్తుకుని ఫోన్ చూడొద్దు, టీవీ ముందు కూర్చోబెట్టి తినిపించొద్దు... ఇలా పదకొండు షరతులు. వేలు పెట్టి నెమ్మదిగా అన్నీ చదివింది.

"అక్కా, అన్నీ నేను చెయ్యాల్సినయే ఉన్నయ్. మీరు చెయ్యాల్సినయి ఏడ రాసిన్రు?"

ఏళ్ల తరబడి పిల్లల జవాబు పత్రాలు దిద్దినదాన్ని. నా కాగితంలోనే తప్పు పట్టింది! "ఏం రాయాల్నో నువ్వే చెప్పు" అన్నాను మంటగా.

"ఐదు కొట్టంగనే పాపను మీరు అందుకోవాలె. గంతే. అప్పటి రైలు పోతే మల్ల చానసేపటిదాంక లేదు. నా బిడ్డ రెండో తరగతి. నేను పోయేదాంక పక్కింటోళ్ల గడప మీద కూసుంటది."

రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం.

మూడో వారంలోనే తప్పాను. బడి మీటింగులో టైంటేబుల్ మీద మాటామాటా పెరిగింది. నేను ఊరుకునే రకం కాదు. వాదన గెలిచి ఇల్లు చేరేసరికి ఐదున్నర. వాకిట్లో నిలబడి ఉంది, చంకలో పాప, చేతిలో కాగితం.

"బడి మీటింగుల లొల్లయి జర లేటయింది చెల్లె. ఏం కొంప మునిగిందిప్పుడు?"

"మీ కొంప మునగలే. అక్కడ పొద్దు గూకుతాంది, నా బిడ్డ తొవ్వ చూస్తాంది. పదకొండు షరతుల్ల నేను ఒక్కటన్న తప్పిన్నా? మీకున్నదే ఒక్కటి! రేపటి సంది రావాల్నా, వద్దా? మీరే చెప్పున్రి."

"రావాలె" అన్నాను. అంత చిన్న జవాబు నేను జన్మలో ఎవరికీ ఇవ్వలేదు.

బస్సయినా ఎక్కిద్దామని ఆటో పిలిచి, పాపను ఒళ్లో పెట్టుకుని నేనూ ఎక్కాను. ఆమె పక్కింటికి ఫోన్ చేసి కూతురితో మాట్లాడింది, ఆ తర్వాత దారంతా నన్ను తిట్టింది. ఆ తిట్లు వింటుంటేనే నాకు తట్టింది. ముందు మానేసిన ఇద్దరికీ కూడా నేను ఇలాగే ఆలస్యం చేసి ఉంటాను. నాలాంటి నోరున్నదాన్ని ఉత్త చేతులతో ఎవరు నిలదీస్తారు? మానేయడమే నయమనుకున్నారు. ఈమె చేతిలో నా సంతకం ఉంది కాబట్టి ఉండి కొట్లాడింది.

బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టింది. "అక్కా, ఇంటికి పోంగనే పాపకు పాలు పట్టున్రి! నడిమిట్ల ఎవలతోని లొల్లి పెట్టుకోకున్రి!"