బండి మీద రెండు దెబ్బలు

పిల్ల మీద ఒట్టు పెట్టే అలవాటు నాకు లేదు. దేవుడి మీద పెడదామంటే, అబద్ధాలకోర్లంతా ముందే ఆయన్ను వాడేసుకున్నారు. అందుకే స్టీరింగ్ మీద ఒట్టు. ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్నది అదే. ఇప్పుడు చెప్పేది నిజంగా జరిగింది... నాకే జరిగింది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసి, తర్వాత నోరు మూసుకుని వినండి.

అసలు దయ్యాల కథలంటే నాకు ఒళ్లు మంట. ఇక్కడ ఒమాన్‌లో, రుసైల్‌లోని మా రూమ్‌లో ఎవడైనా మొదలుపెడితే, పొద్దున డ్యూటీ ఉంది, పడుకోరా అని తిట్టేది నేనే.

ఆ ఏడాది నా భార్య సుజాత, కూతురు మిన్ను జగిత్యాల నుంచి విజిట్ వీసా మీద వచ్చారు. వచ్చిన రోజు నుంచీ సుజాతది ఒకటే పాట. ఇసుక, రాళ్లు చూడ్డానికా ఇంత దూరం వచ్చిందని. సరిగ్గా అప్పుడే ఖాదర్ భాయ్ ఇల్లుబండి తయారైంది. ఖాదర్ కడప మనిషి, మబేలాలో మెకానిక్. పాత మినీబస్సు కొని, వెనక సీట్లన్నీ పీకేసి, మంచం, స్టవ్వు, చిన్న సింకు బిగించాడు. ఖురియాత్ దాటి కొండల్లోకి వెళితే, మొన్నటి వానలకు జలపాతం దూకుతోందట. డ్రైవింగ్ నాది, రిపేరు ఆయనది. అలా నలుగురం బయల్దేరాం.

గ్యారేజీలోంచి బండి తీస్తుంటే ఖాదర్ బయట నిలబడి బాడీ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. ధబ్, ధబ్. నేను చిన్నగా హారన్ కొట్టాను. ఏంటది నాన్నా అని మిన్ను అడిగింది. ఊళ్లో నేను గ్రానైట్ లారీ నడిపినవాణ్ణి కదా, అంతా చెప్పాను. లారీకి వెనక ఏముందో డ్రైవరుకు కనపడదు. కింద నిలబడ్డ మనిషి రెండు దెబ్బలు వేస్తే పోనీయమని. ఒక్క దెబ్బ వేస్తే ఆపమని. చిన్న హారన్ కొడితే, విన్నాను అని డ్రైవరు జవాబు. ఇక దారి పొడుగునా ఆ పిల్ల లోపలి గోడను బాదుతూనే ఉంది.

జలపాతం చూశాం. ఎర్రటి కొండ మధ్యలోంచి తెల్లగా దూకుతోంది. సుజాత పాదాలు నీళ్లలో పెట్టుకుని సాయంత్రం దాకా లేవలేదు. ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు. ఆ నీళ్లకు అప్పుడే దండం పెట్టుకున్నాను.

తిరిగి వస్తుంటే బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. రేడియేటర్ పైపు చీలింది. రోడ్డు పక్కన వాది ఉంది, అంటే మన ఎండిన వాగు లాంటిది. చదునైన గులకరాళ్ల నేల, ఓ మూల నీళ్ల గుంట. బండిని మెల్లగా అందులోకి దింపాను. ఖాదర్ చీలిన మేర కోసేసి, పైపు మళ్లీ బిగించి, గుంటలో నీళ్లు తెచ్చి పోశాడు. అప్పటికే చీకటి పడింది. ఇంజన్ బాగా చల్లబడాలి, పొద్దున పోదాం అన్నాడు.

సుజాతకు నచ్చలేదు. "నీళ్లు పోయే జాగల పండుకునుడేంది?" అంది.

"మీద సూడు. సుక్కలు కనవడ్తలేవా? మబ్బే లేదు, వానెక్కడికెళ్లొస్తది?" అన్నాను.

లారీవాళ్ల అలవాటు ప్రకారం బండి ముఖం రోడ్డు వైపే పెట్టాను. హ్యాండ్ బ్రేక్ సరిగ్గా పట్టడం లేదు. అందుకని వెనక చక్రాలకు ముందూ వెనకా పెద్ద రాళ్లు నేనే, ఈ చేతులతోనే పెట్టాను. ఇది గుర్తుపెట్టుకోండి.

తల్లీకూతుళ్లు వెనక మంచం మీద. నేను డ్రైవర్ సీట్లో, ఖాదర్ నా పక్క సీట్లో. తలుపులన్నీ లోపలి నుంచి లాక్ చేశాం. బయట గాలి కూడా లేదు... ఖాదర్ గురక తప్ప ఏ చప్పుడూ లేదు. నేనూ నిద్రపోయాను.

ధబ్... ధబ్.

కళ్లు తెరిచానో లేదో నాకు తెలియదు. నా చెయ్యి మాత్రం తాళం తిప్పింది. కాలు క్లచ్ తొక్కింది. రెండు దెబ్బలు వినపడితే బండి తీయాలి, అంతే. ఒంటికి పట్టిన అలవాటు. బండి కదిలాక మెలకువ వచ్చింది. రోడ్డు మీదకు ఎక్కుతున్నాం. మల్లేశన్నా, ఏమైందని ఖాదర్ లేచాడు. మిన్ను కొట్టిందేమో అనుకుని అద్దంలో చూశాను. తల్లి చేతి మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. పైగా లోపల కొట్టిన చప్పుడు వేరు, బయట కొట్టింది వేరు. అది డ్రైవరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది... బండి సాఫీగా వచ్చేసింది. ఒక్క కుదుపు లేదు. మరి నేను పెట్టిన రాళ్లు?

ముందుకే పోతున్నాను. హెడ్‌లైట్ల వెలుగులో ఖాళీ రోడ్డు...

ధబ్.

ఒక్కటే. నా కిటికీ వెనకాలే. బ్రేకు మీద నిలబడ్డాను. దిగి చూశాను. ఎవరూ లేరు. వెనక లైట్ల ఎర్రటి వెలుగులో ఉత్త రోడ్డు.

అప్పుడు వినపడింది. లారీలోంచి కంకర దింపుతున్నట్టు... ఆగకుండా... కొండల్లోంచి దగ్గరగా వస్తోంది. ఖాదర్ టార్చి వేశాడు. మేము పడుకున్న చోట నీళ్లు. బురద, చెట్ల కొమ్మలు, రాళ్లు, అన్నీ దొర్లుకుంటూ పోతున్నాయి. ముందు వైపు టార్చి తిప్పితే, రోడ్డు కిందికి దిగి వాదిని దాటే చోటు కూడా మునిగింది. మేము రెంటి మధ్య గట్టు మీద ఉన్నాం. సుజాత పిల్లను ఎత్తుకుని దిగి, నీళ్ల వైపు చూసి, నా చొక్కా పట్టుకుంది. ఆ రాత్రి నలుగురం ఒకరినొకరం పట్టుకునే కూర్చున్నాం. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తెల్లారాక అవతలి ఒడ్డు నుంచి ఒక ముసలాయన, అక్కడి ఒమానీ, చెయ్యి ఊపాడు. నీళ్లు తగ్గాక పికప్ వేసుకుని వచ్చి ఖర్జూరాలు, ఫ్లాస్కులో కావా, అంటే వాళ్ల కాఫీ, ఇచ్చాడు. పై కొండల్లో వాన పడిందట. రాత్రి మమ్మల్ని లేపింది మీరేనా అని ఖాదర్ అరబీలో అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. నీళ్లకు అవతల ఉన్నవాణ్ణి ఎలా వస్తాను, ఇటు పక్క ఇళ్లే లేవు అన్నాడు. హమ్దులిల్లా, అంతా దేవుడి దయ అని మిన్ను తల నిమిరి వెళ్లిపోయాడు.

ఇంజన్ చల్లారేటప్పుడు రేకు అలాగే కొట్టుకుంటుందని ఖాదర్ అంటాడు. గాడిదో మేకో రుద్దుకుని ఉంటుందని సుజాత. కావచ్చు. కానీ గాడిద రాళ్లు తీస్తుందా? ఆ రాళ్లు చూద్దామంటే నీళ్లు మిగల్చలేదు. నిద్రమత్తులో నేనే వాటి మీదుగా బండి ఎక్కించి వచ్చానా? చెప్పలేను.

నన్ను తొలుస్తున్నది ఒక్కటే. రెండు దెబ్బలకు జవాబుగా హారన్ కొట్టాలి కదా. ఆ రాత్రి నేను కొట్టలేదు.

అందుకే ఇప్పటికీ ఖురియాత్ వైపు లోడు పడితే, పనిగట్టుకుని ఆ వాది దాకా వెళ్లి బండి ఆపుతాను. చిన్నగా ఒక హారన్ కొడతాను. అద్దం దించి కాసేపు వింటాను. ఏమీ వినపడదు.

మొన్న ఫోన్‌లో ఈ సంగతి సుజాతకు చెప్పాను. వెటకారం చేస్తుందనుకున్నాను.

"ఈసారి వోయినప్పుడు నా పేరు మీద గూడ ఒకటి కొట్టు," అంది.