ఎల్మీర్ మూయనివ్వని గోడలు

ఎల్మీర్ దర్దార్‌కి వాసన నిజంగానే తెలియదా, తెలియనట్టు ఉండేదా? ఆమె మా కాలువ గట్టు విడిచి ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్న నన్ను విడవలేదు. ఇళ్ళల్లో తడికి పట్టే బూజును వెతికి, పరీక్ష చేసి చెప్పడం ఆమె వృత్తి. అలాంటి మనిషికి ముక్కు పనిచేయదంటే, చెవిటివాడు ఫిడేలు శ్రుతి చేసినట్టుందని మా వాళ్ళు నవ్వేవారు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం వాసనను పట్టుకుపోయిందని ఆమె చెప్పేది. చెప్పి, ఇంటావిడ మొహంలోకి చూసి, "అందుకని నువ్వే చెప్పాలి షా, ఏం వాసనొస్తోంది?" అనేది. షా అన్నది మా గట్టు మీద చిన్నాపెద్దా అందరినీ పిలుచుకునే ముద్దుమాట.

పరాయి మనిషి గుమ్మంలోకొచ్చి మీ ఇల్లు కంపు కొడుతోందంటే మా ఆడవాళ్ళు కాఫీ కప్పు చేతిలోంచి లాక్కుని మరీ పంపించేస్తారు. ఎల్మీర్ ఆ మాట ఎన్నడూ అనలేదు. అనాల్సింది ఇంటివాళ్ళ చేతే అనిపించేది. నా కళ్ళముందే విరిగిన పాలతో కాఫీ తాగి, బాగుందని ఇంకో కప్పు అడిగింది కాబట్టి వాసన తెలియదనే నమ్మాలి. కానీ మేం తాంత్, అంటే పిన్ని, అని పిలిచే తెయోతిస్త్ వాకిట్లో వీధంతా గుబాళించే స్వీట్ ఆలివ్ పూసిన రోజుల్లో, ఆ చెట్టు దగ్గరికి రాగానే ఆమె తెల్ల ట్రక్కు నెమ్మదించేది. అక్కడ రోడ్డు మీద గుంత ఉందనుకోండి. అయినా సరే.

కాలువ సముద్రంలో కలిసే కొసన పుట్టింది ఎల్మీర్. తండ్రిది రొయ్యల పడవ. ఆమె పుట్టిన ఇల్లే కాదు, ఆ ఇల్లు నిలబడిన నేల కూడా ఇప్పుడు లేదు, నీళ్ళు తినేశాయి. వయసులో ఉన్నప్పుడు, తుఫాను వచ్చిపోయిన ప్రతిసారీ కూలి జట్లతో తిరిగి, నానిన గోడలు పీకి వీధిలో కుప్పలు పోసింది. గోడ లోపల ఏముంటుందో అలా చూసింది. తరువాత పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. చెక్కలోకి రెండు సూదులు గుచ్చి చెమ్మ ఎంతుందో చెప్పే పనిముట్టు ఒకటి, గాలిని పీల్చి గాజుబిళ్ళ మీద పట్టే చిన్న పంపు ఒకటి, గోడకి ఆనించి వెలుగు పరిచే టార్చి ఒకటి, ఇవే ఆమె సరంజామా. గాజుబిళ్ళలు పట్నంలో ల్యాబుకి పంపేది. ఇంట్లో గాలి పట్టిన ప్రతిచోటా బయటి గాలి కూడా పట్టేది, ఎందుకంటే మా దగ్గర గాలంటేనే సగం బూజు. లోపలిది బయటిదాన్ని మించిందా లేదా అన్నదే లెక్క.

బూజు కనిపెట్టాక దాన్ని కడిగే పని మాత్రం ఎవరెంత బతిమాలినా పట్టేది కాదు. "జబ్బు చెప్పేవాడు మందు అమ్మకూడదు షా. అమ్మితే ఊళ్ళో ఆరోగ్యవంతుడే మిగలడు" అనేది.

ఆమె గురించి మా గట్టు మీద రెండు మాటలున్నాయి. మొండిది, దాని మూలాన ముసలాయన ఇల్లు పోయేది అన్నది మొదటి మాట. అది అందరూ అంటారు. రెండోది నేను రాస్తున్నాను.

ఆ ముసలాయన నోంక్ ఒడిలోన్. నోంక్ అంటే బాబాయి, కానీ ఆయనకి అది సగం పేరైపోయింది. మా ఇంటికి రెండిళ్ళవతల ఇటుక దిమ్మల మీద, వాళ్ళ తాత సైప్రస్ చెక్కతో కట్టిన ఇల్లు. ఆగస్టు తుఫానుకి మా వీధిలో అందరి ఇళ్ళలోకీ నడుము లోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక పారిష్ ఆఫీసు వాళ్ళు, అంటే మా జిల్లా అధికారులు, ఒక మాట చెప్పారు: ఫిబ్రవరిలో వచ్చే కార్నివాల్ పండగలోగా గోడలకి బోర్డులు కొట్టి మూసి, ఇల్లు కాపురానికి పనికొస్తుందనిపించుకోవాలి. లేకపోతే ఇల్లు కూల్చే జాబితాలోకి పోతుంది. గోడలు మూయాలంటే లైసెన్సున్న వాళ్ళెవరైనా ఆరింది అని సంతకం పెట్టాలి.

వీధిలో చాలామంది ఒక కాంట్రాక్టరు చేత పని చేయించుకున్నారు. పరీక్ష చేసే మనిషీ అతనిదే, జిప్సం బోర్డు కొట్టే మనుషులూ అతనివాళ్ళే. అక్టోబరు చివర హాలోయీన్ దాటేసరికి వాళ్ళ గోడలన్నీ తెల్లగా లేచాయి. నోంక్ ఒడిలోన్ మాత్రం ఎల్మీర్‌నే పిలిచాడు. ఆమె నాన్నతో కలిసి వలలేసిన మనిషి ఆయన. ఆమె పాత బోర్డంతా పీకించి, గుంజలు బయటపెట్టించి, ఫ్యాన్లు తిప్పించింది. చెమ్మ పదహారు శాతానికి దిగాక మూద్దామంది.

దిగలేదు. వారం వారం వచ్చి సూదులు గుచ్చేది, అంకె చూసేది, పెదవి విరిచేది. ఉత్తర గాలి వీస్తోంది, ఎండ కాస్తోంది, వీధి చివర కంచె కర్రలు కూడా ఎండి పగిలాయి. ఆయన వంటింటి గుంజలు మాత్రం నిన్ననే వరద తీసినట్టున్నాయి. క్రిస్మస్ వెళ్ళిపోయింది. ఆయన నిద్ర కూడా వెళ్ళిపోయింది.

ఒకరోజు పొద్దున్నే ఎల్మీర్ మా తలుపు తట్టి, నా ముక్కుతో పనుందంది. నోంక్ ఒడిలోన్ వంటింట్లోకి తీసుకెళ్ళి, గుంజ దగ్గర వంగమంది. వంగాను. ఈతకొలను వాసన. ఆ మాటే చెప్పాను.

ఆమె ముసలాయన వైపు తిరిగింది. "నోంక్, బ్లీచింగ్ నీళ్ళతో కడుగుతున్నావా?"

"కడక్కుండా ఉంటానా?" అన్నాడాయన ఛాతీ ముందుకు పెట్టి. "రోజూ సాయంత్రం, బకెట్టు నిండా. జెనోబీ ఉంటే రోజుకి రెండుసార్లు కడిగేది."

జెనోబీ ఆయన భార్య. పోయి మూడేళ్ళయింది. మా దగ్గర వరదొచ్చిన ఇంటిని బ్లీచుతో కడగడమంటే చనిపోయినవాళ్ళకి దీపం పెట్టడంలాంటిది, ఎవరూ ఎందుకని అడగరు. ఆ నీళ్ళలో మందు పైపైన బూజును తెల్లగా చేసి ఆవిరైపోతుంది, నీళ్ళు మాత్రం చెక్కలోకి దిగుతాయి. శత్రువుకి సాయంత్రం సాయంత్రం దాహం తీరుస్తున్నాడాయన, భార్య మీద గౌరవంతో.

ఎల్మీర్ తిట్టలేదు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, బ్లీచుకీ నీళ్ళకీ తేడా ఏమిటో నెమ్మదిగా చెప్పింది. ఆయన విన్నాడు. గుంజ మీద చెయ్యి వేసి తడి చూసుకున్నాడు. తరువాత అడిగాడు, అయిందేదో అయింది, ఇప్పుడు సంతకం పెట్టెయ్యమని. కార్నివాల్ ఎంతో దూరం లేదు. వీధిలో అందరూ మూసుకున్నారు.

"పెట్టను."

"దారి తప్పిన మీ నాన్న పడవకి నేను ఒడ్డు చూపించానే, చీకట్లో."

"చూపించావు. పెట్టను."

"నువ్వు పెట్టకపోతే బుల్‌డోజరు వస్తుంది."

"పెడితే బూజు వస్తుంది. బుల్‌డోజరుకైతే కనీసం మొహం ఉంటుంది నోంక్, ఎదురు నిలబడి తిట్టొచ్చు. గోడ వెనక కూర్చున్నదాన్ని ఏం చేస్తావు?"

ఆయన తలుపు చూపించాడు. ఆమె తన సూదులు తుడుచుకుని వెళ్ళింది. మర్నాడు ఏమీ జరగనట్టు ఇంకో రెండు ఫ్యాన్లు ట్రక్కులోంచి దించింది. ఆయన పలకరించలేదు. ప్లగ్గు మాత్రం ఆయనే పెట్టాడు.

ఆ తరువాత ఆమె చేసిన పనిని కొందరు జిత్తులంటారు. నేను అనను. వీధిలో ఎవరూ పిలవకుండానే ఇంటింటికీ తిరిగింది. గోడకి సూది గుచ్చలేదు, పంపు తీయలేదు. కాఫీ తాగుతూ ఒక్క మాట అంది. ఎవరింటి వాసన వాళ్ళకి తెలియదట, కాబట్టి ఒక్క నిమిషం పక్కింటికెళ్ళి వాసన చూసి రమ్మంది. పక్కింటామెని ఇటు రమ్మంది.

ముందు తాంత్ తెయోతిస్త్ పీత్ర్ వెళ్ళింది. ఎనభై దాటిన మనిషి, కొడుకు పారిష్ కౌన్సిల్లో సభ్యుడు, ఇల్లు అద్దంలా ఉంచుతుందని పేరు. పక్కనున్న నాకెన్‌ల ఇంట్లో అడుగుపెట్టి, తడిసిన కుక్క పడుకున్నట్టుందని ప్రకటించింది. అదే సమయానికి నాకెన్ కోడలు ఈవిడింట్లోంచి బయటికొచ్చి, కాస్త మర్యాదగానే, పీతల బుట్ట మూత తీసినట్టుందని చెప్పింది.

"నా ఇంట్లోనా?" అంది తాంత్ తెయోతిస్త్. "నీ పెళ్ళికి కేకు చేసింది ఆ వంటింట్లోనే కదే. అప్పుడు రాలేదా పీతల వాసన?"

"అప్పుడు రాలేదు తాంత్. అందుకే చెప్తున్నా."

వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. నీదంటే నీదని మధ్యాహ్నం దాకా సాగింది. ఒకరింటికి ఒకరు వెళ్ళడం, ముక్కు మూసుకుని రావడం, వచ్చి చెప్పడం. ఎల్మీర్ ట్రక్కు తోక మీద కూర్చుని బిస్కెట్లు తింటోంది. ఆమెని ఎవరేమంటారు? ఆమెకి వాసనే తెలియదాయె.

ముసలావిడ ఆ కోపంతోనే ఇంట్లోకి విసవిసా వెళ్ళింది. బయట చాలాసేపు తిరిగి వెళ్ళడం వల్లనో ఏమో, ఫ్రిజ్ పక్కకి రాగానే ఆవిడకే తగిలింది. మాకు వినిపించింది సుత్తి చప్పుడు. మేం పరుగెత్తేసరికి తెల్లటి కొత్త గోడలో తలపట్టేంత కన్నం, లోపల వేడి ఆపడానికి కూరిన దూది నల్లగా, ఉండలుండలుగా. ఆవిడ సుత్తి నాకెన్ కోడలి చేతికిచ్చింది. "పీతలు కాదు, అంతకన్నా పాడు. పో, మీ కుక్కని కూడా బయటికి తియ్యి."

పారిష్ మనిషి వచ్చే పొద్దుకి మా వీధిలో గోడలున్న ఇల్లు లేదు, గాలాడాలని బయటి పలకలు కూడా ఊడదీశాం. మా ఇంటికీ గోడల్లేవు.

వచ్చినతను మంచివాడే, కెల్లర్ అని పట్నం కుర్రాడు, జాబితాలో ఒకే ఒక్క పేరుతో వచ్చాడు. నోంక్ ఒడిలోన్ అతన్ని లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. గుంజల చుట్టూ తన పాత రొయ్యల వల కట్టి ఉంచాడు. "గోడలు లేవన్నారుగా, ఇదిగో. గాలి ఆడుతుంది, బూజు ఆడదు." కెల్లర్ నవ్వు ఆపుకుని, రాసుకోక తప్పదన్నాడు.

ఎల్మీర్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "రాసుకోండి. నేను సంతకం పెట్టను, వేరే ఎవరినైనా తెచ్చి పెట్టించినా ఈ గుమ్మంలోంచి కదలను. ఆరితే నేనే కబురు చేస్తా. ఆరకపోతే మీ జాబితా చదివి వినిపించినా ఆరదు."

అతను గుంజల మధ్యలోంచి అవతలికి చూశాడు. అక్కడ తాంత్ తెయోతిస్త్ ఇల్లు, దాని గుంజలు, వాటి వెనక నాకెన్‌ల మంచం, మంచం మీద నాకెన్, ఆ వెనక ఇంకొకరి పొయ్యి మీద గంబో పులుసు కుండ, అలా వీధి చివర కాలువ నీళ్ళ దాకా. ముసలావిడ తన వంటింట్లోంచే చెయ్యి ఊపింది.

"రాసుకో నాయనా, నాది కూడా రాసుకో. పీత్ర్ స్పెల్లింగు తెలుసుగా? మా వాడు ఆదివారం భోజనానికొస్తాడు. వాళ్ళమ్మ ఇల్లు ఎవరు కూలుస్తున్నారో నేనే చెప్తాలే."

కెల్లర్ కాగితాలు మడిచాడు. తిరిగి వెళ్ళి ఏం చెప్పాడో గానీ, గడువు ఈస్టరు దాకా పెరిగింది, వీధి మొత్తానికి.

ఆ కాలమంతా మేం గోడల్లేకుండా బతికాం. గుంజలకి దుప్పట్లు వేలాడదీసుకున్నాం. ఎవరు గురక పెడతారో, ఎవరు ప్రార్థన ఎగ్గొడతారో అందరికీ తెలిసింది. నాకు చదువుకోవడానికి మూల లేకుండా పోయింది. పుస్తకం తెరిస్తే మూడిళ్ళవతలి నుంచి ఏం చదువుతున్నావని అడిగేవాళ్ళు. కొన్నిసార్లు చెప్పేదాన్ని. విసుగొచ్చిన రోజులున్నాయి, ఆమెని మనసులో తిట్టుకున్న రోజులూ ఉన్నాయి. కానీ అంకె దిగుతూ వచ్చింది. నోంక్ ఒడిలోన్ బకెట్టులో మిరప మొక్క నాటాడు.

ఈస్టరు ముందు ఉపవాసాల రోజులైన లెంట్ చివర్లో ఆయన వంటింటి గుంజలు పదహారు లోపుకొచ్చాయి. ఎల్మీర్ సంతకం పెట్టింది. బోర్డులు కొట్టే రోజున వీధిలో పెద్ద కుండ ఎక్కించి బురద రొయ్యలు ఉడకేశాం. మిరియాలు, నిమ్మకాయలు, మొక్కజొన్న కంకులు, బల్లల మీద పరిచిన వార్తాపత్రికలు. నోంక్ ఒడిలోన్ ఎల్మీర్ కోసం తన పక్కన కుర్చీ పెట్టించి, దానిలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. చీకట్లో ఒడ్డు చూపించిన సంగతి ఎత్తినందుకు ఆమెతో ఒక మాట చెప్పాలని పొద్దుటినుంచీ నాతో అంటున్నాడు.

నేను ఉప్పు కోసం ఆయనింట్లోకి వెళ్ళాను. వంటింట్లో ఇంకొక్క బోర్డు మిగిలింది. ఆ సందు ముందు ఎల్మీర్ ఒక్కతే ఉంది. పనిముట్లన్నీ సంచిలో సర్దేసి ఉన్నాయి. ఆమె గుంజకి మొహం ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. నుదురు ఆనించిందో, ముక్కు ఆనించిందో నేను నిలబడ్డ చోటినుంచి తెలియలేదు. భుజాలు మాత్రం నెమ్మదిగా పైకి లేచాయి, చాలాసేపు అలాగే ఉండి దిగాయి. నేను ఉప్పు తీసుకోకుండానే వెనక్కి తగ్గాను.

బయట నోంక్ ఒడిలోన్ ఆ కుర్చీ ముందు పళ్ళెంలో పెద్ద రొయ్యలు ఏరి పెడుతున్నాడు. వెనక తలుపు చప్పుడైంది. తరువాత ట్రక్కు చప్పుడు. ఆయన తల ఎత్తాడు. తెల్ల ట్రక్కు వీధి వెంట వెళ్ళి, స్వీట్ ఆలివ్ దగ్గర నెమ్మదించి, మలుపు తిరిగింది.

గుంత ఇంకా అక్కడే ఉంది.